సీట్లోనే ఉంది, పలకడం లేదు

మా ఆఫీసు శ్లాబు మూడోసారి పెచ్చులూడి పడ్డాక ప్రభుత్వం చాలా చురుగ్గా కదిలింది. శ్లాబుకి మరమ్మతు చేయించలేదు. దాని కింద ఎవరూ కూర్చోకుండా 'ఇంటింటా కార్యాలయం' అని ఒక పథకం పెట్టింది. మాది మండల విద్యా కార్యాలయం. అధికారి పోస్టు ఎనిమిదేళ్ళుగా ఖాళీ. మిగిలింది నేనూ, వచ్చే పోయే ఉత్తరాలు రాసుకునే టపా గుమస్తానూ. ఆయనది ఒంటిగది ఇల్లు కావడంతో, వేమూరి పానకాలరావు అనే నా ఇంటి ముందుగదికి ఆఫీసు బోర్డు తగిలించారు. మా ఆవిడ సుభాషిణి జాకెట్టు డిజైన్లు చూసుకోవడానికి కొనుక్కున్న కంప్యూటరు పొద్దున్న పదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా ప్రభుత్వ కంప్యూటరయింది. ఐదు దాటాక మళ్ళీ జాకెట్లు.

రెండు నెలల్లో టపా గుమస్తా రిటైరయ్యాడు. ఆ వారమే జిల్లా నుంచి ఉత్తర్వు వచ్చింది. "టపా గుమస్తా పోస్టు ఇందుమూలముగా రద్దు చేయడమైనది. సదరు పోస్టు విధులను కంప్యూటరులోని ఈ-మెయిలు ప్రోగ్రాము పూర్తి అదనపు బాధ్యతలతో తదుపరి ఉత్తర్వుల వరకు నిర్వహించవలెను." రద్దయిన పోస్టుకి బాధ్యతలేమిటని నేను అడగలేదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను నేర్చుకున్నదల్లా అడక్కుండా ఉండటమే.

బాధ్యతలు అప్పగించాక అది ఉద్యోగే కదా. హాజరుపట్టీలో పేరు ఎక్కించమన్నారు. ఇంటిపేరు లేనిదే పట్టీలో ఎక్కదు. ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటిపేరే రాయమని జిల్లా నుంచి స్పష్టత వచ్చింది. 'వేమూరి మెయిలు' అని రాశాను.

"మనింటి పేరు పెట్టారా దానికి?" అంది సుభాషిణి.

"తాత్కాలికంగానే."

"మా అన్నయ్య కొడుకు దత్తత కొస్తానంటే మీ వాళ్ళు ఎంత గొడవ చేశారూ!" అని లోపలికెళ్ళిపోయింది.

తర్వాత సర్వీసు రిజిస్టరు తెరిచాను. అందులో రెండు పుట్టుమచ్చలు తప్పనిసరి. 'ఒకటి, ఎడమవైపు పైమూలన నీలిరంగు కవరు బొమ్మ. రెండు, అప్పుడప్పుడు మధ్యలో గుండ్రంగా తిరిగే చక్రం' అని రాశాను. ఎత్తు దగ్గర స్క్రీను ఎత్తు కొలిచి వేశాను. జిల్లాలో ఎవరూ ఆక్షేపణ చెప్పలేదు. పైగా రిజిస్టరు నీటుగా ఉందని మెచ్చుకున్నారు.

ఇలా ఆర్నెల్లు బాగానే గడిచింది. జూలైలో ఒక గురువారం పదకొండు గంటల ఇరవై నిమిషాలకి వేమూరి మెయిలు బిగుసుకుపోయింది.

ఆ సమయానికి నేను ఇటుక బట్టీల కాలనీ బడి పిల్లల జాబితా పంపుతున్నాను. ఆ బడి టీచరు సీలం గ్రేస్‌మణి నా పక్కనే నిలబడి ఉంది. ఒక్క టీచరు, ఒక్క గది, ఇరవై మూడుమంది పిల్లలు. శనివారం సాయంత్రం ఐదు లోపల జాబితా జిల్లాకి చేరని బడిలో పిల్లలు సున్నా అని లెక్క. సున్నా అయితే దాన్ని పక్క బడిలో కలిపేస్తారు. పక్క బడి నాలుగు వరసల రోడ్డుకి అవతల ఉంది. కింద దారి లేదు, పైన వంతెన లేదు. కంకర లారీలు పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి.

నేను 'పంపు' నొక్కాను. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. తర్వాత స్క్రీను తెల్లగా పాలిపోయి, ఏది నొక్కినా ఉలుకూ లేదు పలుకూ లేదు.

"సార్, వెళ్ళిందాండీ?" అంది గ్రేస్‌మణి.

"వెళ్ళే దారిలో ఉందమ్మా."

సుభాషిణి వంటింట్లోంచి తొంగిచూసింది. "హ్యాంగయిందా? స్విచ్చి కట్టేసి మళ్ళీ వెయ్యండి. మన మిక్సీ ఆగిపోతే కింద ఎర్ర బటను నొక్కట్లేదూ? అంతే."

నేను స్విచ్చికి అడ్డంగా నిలబడ్డాను. "నోరు జారకు. అది బాధ్యతల్లో ఉన్న ఉద్యోగి. బాధ్యతలు అప్పగించకుండా మధ్యలో ఆపేస్తే దాని చేతిలో ఉన్న ప్రభుత్వ ఉత్తరాలకి ఎవరు జవాబుదారీ?"

"పోనీ ఫోన్లోంచి పంపండి."

"టపా గుమస్తా పంపాల్సింది నేను పంపితే మారువేషం కింద వస్తుంది."

ఆవిడ గ్రేస్‌మణి వైపు చూసింది. ఏం మనిషిని చేసుకున్నానురా దేవుడా అనే చూపు అది. నాకు అలవాటే.

జిల్లాలో కాగితరహిత పరిపాలనా ప్రత్యేకాధికారి శ్రీ కొల్లి విశ్వమోహన్‌గారికి ఫోను చేశాను. కాగితం ఎక్కడ కనబడినా మండిపడే మనిషి ఆయన. పెళ్ళి శుభలేఖ ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారని చెప్పుకుంటారు.

"సార్, మన మెయిలు పలకడం లేదు."

"అనుమతి లేకుండా గైర్హాజరైందా?"

"లేద్సార్. సీట్లోనే ఉంది, పలకడం లేదు."

"సీట్లో ఉండి పలక్కపోవడం ఒక్కటే నేరం కాదయ్యా. అలా అనుకుంటే జిల్లా కార్యాలయంలో ఎవరం మిగలం. పని అప్పగించాక పలక్కపోతే అది ధిక్కారం. నువ్వు పని అప్పగించావా?"

"జాబితా పంపమన్నాను సార్. శనివారంతో గడువు. తమరు ఊఁ అంటే ఒక్కసారి ఆపి మళ్ళీ..."

"పానకాలరావ్! ఉద్యోగిని సంజాయిషీ అడక్కుండా ఆపేస్తావా? సహజ న్యాయ సూత్రాలంటూ ఉంటాయి. ముందు మెమో, తర్వాత అభియోగపత్రం, ఆ తర్వాత విచారణ."

మెమో నా ఫోనుకి వచ్చింది. "ఉన్నతాధికారుల ఆదేశాలకు ప్రతిస్పందించనందుకు మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలోగా లిఖితపూర్వక సంజాయిషీ సమర్పించవలెను." దాన్ని ప్రింటు తీసి సదరు ఉద్యోగి చేతికి అందించమన్నారు. కాగితం కదా సార్ అంటే, "ప్రింటు తీసింది కాగితం కాదు. దాన్ని ప్రత్యక్ష మెయిలు అనాలి" అని సవరించారు.

చేతులు లేనివాడికి మెమో ఇవ్వాలంటే ఇద్దరు సాక్షుల ముందు నివాసానికి అంటించాలి. జిగురు రాసి స్క్రీనుకి అంటించాను. సాక్షులుగా సుభాషిణీ, గ్రేస్‌మణీ సంతకాలు పెట్టారు. స్క్రీను మొత్తం మూసుకుపోయి లోపల ఏమవుతోందో చూసే వీలు కూడా పోయింది.

"మూడు రోజులంటే ఆదివారం కదండీ," అంది గ్రేస్‌మణి మెల్లగా. "నా గడువు శనివారం సార్."

రూల్సు పుస్తకం తిరగేస్తున్నట్టు నటించాను.

ఆ అమ్మాయి ఊరుకోలేదు. శనివారం పొద్దున్నే జాబితాని కాగితం మీద చేత్తో రాసుకుని బస్సెక్కి జిల్లా కార్యాలయానికి వెళ్ళింది. గేటు దగ్గర వాచ్‌మన్ కాగితాలు బయట చెప్పుల స్టాండు మీద పెట్టి లోపలికెళ్ళమన్నాడట. పమిట చాటున దాచి పట్టుకెళ్ళిందట. లోపల బల్ల మీద పరిస్తే నలుగురు గుమస్తాలూ తలలు పక్కకి తిప్పేసుకున్నారట. ఒకావిడ మాత్రం జాలిపడి, "చూశానంటే నా ఉద్యోగం పోతుందమ్మా, నువ్వే చదువు, వింటాను" అందట. గ్రేస్‌మణి ఇరవై మూడు పేర్లూ చదివింది. ఆవిడ వింది. విని, "పాపం" అని మళ్ళీ కంప్యూటరు వైపు తిరిగిపోయిందట.

సాయంత్రం ఐదున్నరకి మా ఇంటికొచ్చి ఇదంతా చెప్పింది. ఏడవలేదు. "సార్, ఒకటో తరగతిలో మా పోలేరమ్మ అని ఒకతి ఉందండి, మూరెడు పిల్ల. లారీవాడికి కనబడను కూడా కనబడదు" అంది. సుభాషిణి మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాకు నా మీద నాకే అసహ్యం వేసింది. చెయ్యి చాపితే అందే దూరంలో స్విచ్చి ఉంది. చెయ్యి చాపలేదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసుకి ఇంకో మూడేళ్ళు కలిస్తే పూర్తి పింఛను.

ఆదివారం దాటినా సంజాయిషీ రాలేదు. సోమవారం అభియోగపత్రం వచ్చింది. అదీ అంటించాను, మొదటి దాని మీదే.

ఆ తర్వాతి వారం విచారణాధికారి వచ్చారు. శ్రీ నిష్ఠల సోమయాజులుగారు, రిటైర్డు డిప్యూటీ కలెక్టరు. కుర్చీలో వేసుకునే మెత్త ఆయనే సంచీలో తెచ్చుకున్నారు. నిందితుడికి సహాయకుడుండాలి, శాఖ తరఫున వాదించేవాడూ ఉండాలి. మండలంలో నేనొక్కణ్ణే కాబట్టి రెండూ నాకే ఇచ్చారు. వాదించేటప్పుడు కిటికీ పక్క కుర్చీలో కూర్చోవాలి, సహాయం చేసేటప్పుడు తలుపు పక్కకి మారాలి.

ఆయన గొంతు సవరించుకుని కంప్యూటరు వైపు చూశారు. "నీ పేరేమి?"

నిశ్శబ్దం.

"నిందితుడు పేరు చెప్పుటకు నిరాకరించెను," అని చెబుతూ రాసుకున్నారు. "నీపై మోపబడిన అభియోగములను అంగీకరించుచున్నావా?"

నిశ్శబ్దం. నేను తలుపు పక్కకి మారి, "నా క్లయింటు మౌనంగా ఉండే హక్కును వినియోగించుకుంటున్నాడు సార్" అన్నాను. కిటికీ పక్కకి మారి, "అభ్యంతరం" అన్నాను. సోమయాజులుగారు అభ్యంతరాన్ని తోసిపుచ్చారు. సుభాషిణి కాఫీ తెచ్చి, ఎవరికీ వినబడకుండా నా చెవిలో, "ఇద్దరిలో ఏ మొగుడికి ఇవ్వమంటారు?" అంది.

నలభై ప్రశ్నలు అడిగారు. నలభైకీ ఒకటే జవాబు. పెద్దాయనకి కోపం రాలేదు సరికదా, ముచ్చటేసింది. "ముప్పై ఏళ్ళలో ఎందరినో విచారించాను. అందరూ అబద్ధమాడినవాళ్ళే. ఇంత నిగ్రహం ఉన్న ఉద్యోగిని ఇదే చూడటం" అన్నారు. తర్వాత ఘటనాస్థలం తనిఖీ చేస్తానని లేచి, అంటించిన మెమోలను జాగ్రత్తగా ఒక మూల ఒలిచారు.

కింద పాలిపోయిన స్క్రీను మీద మసగ్గా ఒక వాక్యం ఉంది. 'పంపుతున్నది: 212లో 1'.

"ఏమిటా ఒకటోది?" అన్నారు.

దాని కిందున్న సన్న అక్షరాలని కళ్ళద్దాలు సర్దుకుని చదివాను. 'కాగితరహిత విజయోత్సవాలు. ప్రత్యేకాధికారి వారు కేకు కోయుచున్న నూట ఎనిమిది ఫోటోలు. మండలంలోని అందరు టీచర్లకు తప్పక పంపవలెను.' ఒక్కో ఫోటో గోడకి వేసే ఫ్లెక్సీకి సరిపోయేంత పెద్దది. అవి గొంతుకి అడ్డంపడి నా టపా గుమస్తాకి ఊపిరాడలేదు. వాటి వెనకాల వరసలో ఇటుక బట్టీల పిల్లలు నిలబడి ఉన్నారు.

"దీన్ని పక్కకి తీసి వెనకవి పంపకూడదా?"

"ముందున్నది పై అధికారిది సార్. దాన్ని దాటించి టీచరుది పంపితే సీనియారిటీ ఉల్లంఘన."

"నిజమే, నిజమే," అని ఆయన తల పంకించారు.

నాలుగు రోజుల్లో నివేదిక ఇచ్చారు. "నిందితుడు నిర్దోషి. మోయజాలని భారమును మోపినవారే బాధ్యులు" అని రాసి, ఒక ప్రతి ప్రత్యేకాధికారి ద్వారా కలెక్టరుగారికి పంపుతున్నట్టు కింద వేశారు. ప్రత్యేకాధికారిగారికి అది చేరిన గంటకే నాకు ఫోనొచ్చింది.

"పానకాలరావ్, నేనే బయల్దేరుతున్నాను. ఆ ప్రోగ్రాముని ఆపి, మళ్ళీ తెరిచి, ఆ ఫోటోలు తుడిచెయ్యాలి. కలెక్టరుగారు చూడకముందే."

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. వెంటనే గ్రేస్‌మణికి ఫోను చేసి, "రామ్మా, ఇవాళ తెరుస్తున్నారు, జాబితా పోతుంది" అన్నాను. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టి పరుగెత్తుకొచ్చింది. చీర కుచ్చిళ్ళ నిండా సుద్దపొడి.

విశ్వమోహన్‌గారు చెమటలు కక్కుకుంటూ వచ్చారు. "ఏదీ స్విచ్చి?"

"సార్, ఇది తెరుచుకుంటే మా బడి జాబితా కూడా వెళ్తుంది కదండీ?" అంది గ్రేస్‌మణి.

"ఏ బడి? ఇటుక బట్టీలదా? గడువు దాటిన జాబితా ఎలా చెల్లుతుందమ్మా? ఆ బడిని విలీనం చేస్తూ ఉత్తర్వు పంపి పద్దెనిమిది రోజులైంది. మండల టపాలో అందినట్టు నమోదైతేనే అమలు. ఇదిగో, ఈ మొద్దు మూలంగా నమోదు కాలేదు. ఇప్పుడు తెరవగానే అందుతుంది. రేపట్నుంచి తాళం."

గ్రేస్‌మణి నా వైపు చూసింది. సుభాషిణి నా వైపు చూసింది. బిగుసుకుపోయిన ప్రోగ్రాము ఉత్తరాలు పంపలేనట్టే, తీసుకోనూ లేదన్న సంగతి ఇన్నాళ్ళూ నా బుర్రకి తట్టనే లేదు. పద్దెనిమిది రోజులుగా ఆ ఇరవై మూడుమందినీ రోడ్డు దాటకుండా కాపాడుతున్నది ఇదే.

ఆయన వేలు స్విచ్చికి అంగుళం దూరంలోకి వెళ్ళింది.

"సార్," అన్నాను, "బాధ్యతల అప్పగింత పత్రం?"

వేలు ఆగింది. "ఏం పత్రం?"

"పూర్తి అదనపు బాధ్యతల్లో ఉన్న ఉద్యోగిని తప్పించాలంటే అప్పగించేవారు, స్వీకరించేవారు ఇద్దరూ సంతకాలు చెయ్యాలి సార్. వేమూరి మెయిలు సంతకం పెట్టే స్థితిలో లేదు."

"సంతకం లేకుండా ఆపితే?"

రూల్సు పుస్తకం తెచ్చాను. ఈసారి నటించలేదు, నిజంగానే పేజీ తీశాను. "పత్రం లేకుండా ఎవరు తప్పిస్తే ఆ క్షణం నుంచి ఆ పోస్టు బాధ్యతలు వారివే సార్. తమరు ఆ స్విచ్చి నొక్కితే, మా మండల టపా గుమస్తాగా తమరు చేరినట్టు నేను హాజరుపట్టీలో రాసుకోవాల్సి వస్తుంది. రోజూ పదిన్నరకల్లా ఇక్కడికి రావాలి. పుట్టుమచ్చలు కూడా చెప్పాలి సార్, రెండు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. శుభలేఖ ఇవ్వబోయినప్పటిలాగే, రెండు చేతులూ వీపు వెనక్కి పోయాయి.

"మరి ఆ నివేదిక?"

"నిర్దోషి అయినా నిందితుడి వాంగ్మూలం లేకుండా విచారణ ముగియదు సార్. వాంగ్మూలం కోసం పొడిగించమని తమరు ఒక ముక్క రాస్తే, నివేదిక తుది నివేదిక కాదు. కలెక్టరుగారి దాకా వెళ్ళే పనే లేదు."

శ్రీ విశ్వమోహన్‌గారి మొహం విప్పారింది. మా సోఫాలో కూర్చుని అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి నా ఫోన్లో రాయించారు. "సదరు ఉద్యోగి స్వచ్ఛందముగా పలుకునంతవరకు యథాతథ స్థితి కొనసాగవలెను. ఎవరును ఒత్తిడి చేయరాదు." సుభాషిణి ఆయనకి రెండోసారి కాఫీ ఇచ్చింది. మా ఇంట్లో రెండోసారి కాఫీ ఎవరికీ దొరకదు.

ఇది జరిగి రెండేళ్ళు కావస్తోంది. రోజూ హాజరుపట్టీలో వేమూరి మెయిలు పేరు ఎదురుగా 'హాజరు' అని వేస్తున్నాను. ఇటుక బట్టీల బడిలో ఇప్పుడు ముప్పై ఒక్కమంది. పోలేరమ్మ మూడో తరగతి. స్విచ్చి కట్టెయ్యమన్న మా ఆవిడే ఆ స్విచ్చి బోర్డు మీద గోనెగుడ్డ కప్పి, చీపురు కూడా అటు పోనివ్వడం లేదు. జాకెట్టు డిజైన్లు ఫోన్లో చూసుకుంటోంది. కరెంటు పోయినా ఆగకుండా పెద్ద బ్యాటరీ ఒకటి పెట్టించాను.

అయినా ఊళ్ళో కరెంటు పోయిందంటే అర నిమిషంలో నాకు ఫోను మోగుతుంది. అవతల గ్రేస్‌మణి.

"సార్, ఎలా ఉందండీ?"

నేను వెళ్ళి, ఏవో రెండు మీటలు నొక్కి చూసి వస్తాను.

"పలకడం లేదమ్మా."

"హమ్మయ్య," అంటుంది. ఆ వెంటనే వెనకాల పిల్లలు ఎక్కం మొదలుపెట్టడం వినిపిస్తుంది.